ఏడాది పాప రక్తంలో సీసం 8.4 వచ్చింది. ఇంట్లో దేన్ని అనుమానించాలి?

ఎడిసన్_అమ్మ
అందరికీ నమస్కారం. మేం న్యూజెర్సీలో ఉంటాం. ఇక్కడ పిల్లలకి ఏడాది వయసులో ఒకసారి, రెండేళ్ళ వయసులో ఒకసారి రక్తంలో సీసం పరీక్ష చేయించాలి, రూలు. మా పాపకి వేలు గుచ్చి చేస్తే 9 వచ్చింది. చేతి మీద దుమ్మున్నా అంకె పెరుగుతుందట, అందుకని నరంలోంచి మళ్ళీ తీశారు, అప్పుడు 8.4. మాది 2016లో కట్టిన అపార్ట్‌మెంటు, గోడల పెచ్చులు ఊడటం అలాంటివేమీ లేవు. హెల్త్ డిపార్ట్‌మెంటు నుంచి ఒకావిడ ఫోన్ చేసి అరగంట ప్రశ్నలే. మసాలాలు ఎక్కడ కొంటారు, ఇండియా నుంచి ఏం తెచ్చుకున్నారు, ఆయుర్వేదం మందులు వాడారా, కాటుక పెడతారా, ఏ గిన్నెల్లో వండుతారు. అన్నిటికీ అవును అవును అంటూ కూర్చున్నాను, దొంగతనం చేసి దొరికిపోయినదాన్లా. పాప చక్కగా ఆడుకుంటోంది, కాస్త మలబద్ధకం ఉంది, అంతకుమించి ఏం లేదు. అత్తగారు వచ్చి ఉన్నారు, ఆవిడ "మా రోజుల్లో ఇవన్నీ ఎవరు చూశారమ్మా" అంటారు. నాకైతే నిద్ర పట్టట్లేదు. వచ్చే వారం ఇంటికొచ్చి చూస్తామన్నారు, ఈలోపు నేనేం తీసి పక్కన పెట్టాలి?

బాలాజీ_డల్లాస్
మా వాడికీ ఇదే అయింది అండీ, 5 వచ్చింది, తర్వాత తగ్గింది. మాకు చివరికి తేలింది ఏంటంటే గేరేజ్ సేల్‌లో కొన్న పాత పెయింటు బొమ్మ. అమెరికాలో 1978 తర్వాత ఇళ్ళకి సీసం పెయింటు అమ్మకూడదు, అంతకుముందు తయారైన వస్తువు ఏదైనా అనుమానమే. మీది కొత్త ఇల్లు కాబట్టి గోడలు వదిలేయండి. నీళ్ళు ఒకసారి పరీక్ష చేయించండి, మిషిగన్‌లో ఫ్లింట్ ఊరి సంగతి గుర్తుందిగా, 2014లో డబ్బు ఆదా అవుతుందని నది నీళ్ళకి మారారు, పైపులు తినేయకుండా కలపాల్సిన రసాయనం కలపలేదు, పైపుల్లో సీసం అంతా కుళాయిలోకి. అక్కడ పిల్లల రక్తంలో పెరిగిందని లెక్క తీసి చూపించింది కూడా పిల్లల డాక్టరే, మోనా హన్నా అని.

పిల్లల_డాక్టర్_గుంటూరు
అమ్మా, ముందు కాస్త కుదుటపడండి. 8.4 అంటే డెసిలీటరు రక్తంలో 8.4 మైక్రోగ్రాములు. ప్రాణానికి ప్రమాదం లేదు, అలాగని వదిలేసే అంకె కూడా కాదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ళు 1991లో 10 దాటితే పట్టించుకోండి అన్నారు, 2012లో దాన్ని 5 చేశారు, 2021లో 3.5 చేశారు. ఇంతవరకూ ఫరవాలేదు అని చెప్పగలిగిన మోతాదు ఏదీ దొరకలేదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అదే మాట అంటుంది.

పిల్లలకే ఎందుకు ఇంత ఇబ్బంది అంటే, శరీరం సీసాన్ని కాల్షియం అనుకుని లోపలికి రానిస్తుంది. మింగిన సీసంలో పెద్దవాళ్ళం పదో వంతు పీల్చుకుంటే పసిపిల్లల పేగు దాదాపు సగం పీల్చేసుకుంటుంది. పైగా పాకే వయసు, నేల మీదిదంతా నోట్లోకే. అప్పుడే మెదడు అల్లుకుంటూ ఉంటుంది. రక్తంలో ఉన్నది నెలా రెండు నెలల్లో తగ్గుముఖం పడుతుంది కానీ కొంత ఎముకల్లో చేరి దశాబ్దాల పాటు ఉండిపోతుంది.

మీరడిగే ముందే చెప్తున్నాను, దీనికి మందు లేదా అని. ఉంది, కానీ మామూలుగా 45 దాటితేనే ఇస్తాం. 20 నుంచి 44 మధ్య ఉన్న పిల్లలకి సక్సిమర్ అనే మందు ఇచ్చి అమెరికాలో పెద్ద పరీక్ష చేశారు, 2001లో ఫలితాలు వచ్చాయి. రక్తంలో అంకె తగ్గింది, తెలివితేటల పరీక్షల్లో మాత్రం మందు తీసుకున్నవాళ్ళకీ తీసుకోనివాళ్ళకీ తేడా కనపడలేదు. కాబట్టి మీ పాపకి మందు ఏంటంటే, అది ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకుని ఇంట్లోంచి పంపించేయడం. హీమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) చూపించండి, ఇనుము తక్కువగా ఉంటే సీసం ఇంకా ఎక్కువ ఎక్కుతుంది. మలబద్ధకం సంగతి అక్కడి డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

పాతకాపు
నాకు 61 ఏళ్ళు. పసుపు తిన్నాం, కాటుక పెట్టుకున్నాం, ఇత్తడి గిన్నెల్లో వండుకున్నాం, మట్టిలో దొర్లాం. ఇంజనీర్లమయ్యాం, పిల్లల్ని అమెరికా పంపాం. ఇప్పుడు ఆ పిల్లలు మాకు వంటింటి పాఠాలు చెప్తున్నారు. మ్యాగీ గోల ఏమైంది? 2015లో సీసం సీసం అని టీవీల్లో ఊగిపోయారు, కొన్ని నెలలకే మళ్ళీ కొట్లో దొరికింది. డాక్టర్లకీ ల్యాబులకీ తప్ప ఇందులో ఎవరికి లాభం?

కెమిస్ట్రీ_మాస్టారు
పాతకాపు గారూ, మీరు బాగున్నందుకు సంతోషం, కానీ బాగున్నవాళ్ళే ఇక్కడ రాస్తారు కదా. మన తరం అంతా పెట్రోలు పొగలో సీసం పీల్చింది. దేశంలో సీసం లేని పెట్రోలు పూర్తిగా వచ్చింది 2000లో. 1990ల చివర జార్జ్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు బెంగుళూరు, చెన్నై, ఢిల్లీ, కలకత్తా, ముంబై, మన హైదరాబాదుతో సహా నగరాల్లో రక్తాలు తీసి చూస్తే 12 ఏళ్ళ లోపు పిల్లల్లో సగానికి పైగా 10 దాటి ఉంది. ఇవాళ ఈ అమ్మాయి 8.4కే నిద్రపోవడం లేదు, ఆ రోజు సగం మంది పిల్లలకి అంతకన్నా ఎక్కువ ఉంటే మనకెవరికీ తెలియనే లేదు. ఆ పని వెనక ఉన్న డాక్టర్ తుప్పిల్ వెంకటేష్ గారిని జనం తర్వాత లెడ్ మ్యాన్ ఆఫ్ ఇండియా అని పిలిచారు.

"మనకేం కాలేదు" అనేది ఎలా కొలుస్తారు చెప్పండి. నీడిల్‌మన్ అనే ఆయన 1979లో పిల్లల ఊడిన పాలపళ్ళు పోగుచేసి వాటిలో సీసం కొలిచాడు. ఎక్కువున్న పిల్లలకి ఐక్యూ తక్కువ, క్లాసులో ధ్యాస తక్కువ అని టీచర్ల మార్కులే చెప్పాయి. వాళ్ళెవరూ ఆస్పత్రిలో పడలేదు, మూర్ఛ రాలేదు. చూడ్డానికి అందరిలాంటి పిల్లలే. తర్వాత ఎన్నో దేశాల లెక్కలు కలిపి చూస్తే ఇంకో చిత్రం తేలింది, మొదటి 10 మైక్రోగ్రాముల్లోనే నష్టం నిష్పత్తిలో ఎక్కువ. 30 సంవత్సరాలు పాఠం చెప్పినవాణ్ణి, చివరి బెంచీలో కూర్చుని ఎంత చెప్పినా తలకెక్కని కుర్రాళ్ళని "వీడింతే" అని వదిలేశాం. వాళ్ళలో ఎవడి రక్తం ఎవరు చూశారు?

ఇక ఎడిసన్ అమ్మ గారూ, నా మొదటి అనుమానం పసుపు మీద. లెడ్ క్రోమేట్ అని ఒక పసుపుపచ్చ రంగు ఉంది, గోడల మీదా రోడ్ల మీదా వేసేది. దాన్ని పసుపు కొమ్ములకి పట్టిస్తే నిగనిగలాడతాయి. బంగ్లాదేశ్‌లో 2019లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళూ అక్కడి పరిశోధకులూ బయటపెట్టారు, గర్భిణుల రక్తంలో ఉన్న సీసం పసుపు నుంచే వచ్చిందని. అక్కడి ప్రభుత్వం హోల్‌సేల్ మార్కెట్ మీద పడి జరిమానాలు వేసింది, 2019లో 47 శాతం నమూనాల్లో ఉన్నది 2021కి సున్నా అయింది. రెండేళ్ళలో! పట్టుకుంటే జరిగే పనే అని చెప్పడానికి ఇది చాలు.

నిజామాబాద్_పసుపు
మాస్టారూ, పసుపు అనగానే రైతు మీద పడకండి, ఒక్క మాట మా వైపు నుంచి కూడా వినండి. కొమ్ములు తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ములో వేసి తిప్పుతాం, పైన పొట్టు పోయి నునుపవుతాయి. దాన్నే పాలిష్ అంటాం. అంతవరకే మా పని, బస్తాలు మార్కెట్ యార్డుకి పోతాయి. తడిసిన సరుకు, నల్లబడ్డ సరుకు ఎవడూ ధర పెట్టడు, దాన్ని తక్కువకి కొన్నోడు రంగు పూసి మంచి సరుకులో కలుపుతాడు, అదంతా యార్డు దాటినాక జరిగే సంగతి. బంగ్లాదేశ్‌లో కూడా 1980లలో వరదలకి పంట నల్లబడితేనే ఈ రంగు అలవాటు మొదలైందని చదివాను. 2024లో వచ్చిన లెక్కల్లో మన దేశంలో పాట్నా నమూనాలు ఘోరంగా ఉన్నాయి, గ్రాముకి 1000 మైక్రోగ్రాములు దాటినయి. మన ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఒప్పుకునేది 10.

నేను ఇంట్లో వాడేది చెప్తా. కొమ్ములు కొనండి, పొడి కాదు. పైన మరీ మెరుస్తున్న కొమ్ములు వద్దు, మా ఇంటికి ఉంచుకునేవి పాలిష్ తక్కువ ఉన్నవే, మసక రంగులో ఉంటాయి, చూస్తే ఎవరూ కొనరు. గ్లాసుడు నీళ్ళలో కొమ్ము వేయండి, వేసిన వెంటనే నీళ్ళు గాఢంగా పచ్చబడితే పారేయండి. మంచి కొమ్ము అంత తొందరగా రంగు వదలదు. ఇది మోటు పరీక్ష, గ్యారంటీ ల్యాబు రిపోర్టే. నిజామాబాద్‌లో 2025లో పసుపు బోర్డు పెట్టారు కదా, ఎగుమతులు ఎగుమతులు అంటారు, ముందు యార్డులో ఒక పరీక్ష మిషను పెడితే సంతోషిస్తాం.

పాతకాపు
రైతు గారు చెప్పింది బాగుంది. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. ఇంట్లో ముగ్గురు అదే కూర తింటారు, పాపకే ఎందుకు?

పిల్లల_డాక్టర్_గుంటూరు
మంచి ప్రశ్న. ముగ్గురికీ తీసి చూడమనండి, చాలాసార్లు ముగ్గురికీ ఉంటుంది. ఒకే కూర తిన్నా పాప బరువు పది కిలోలు, మీరు డెబ్బై కిలోలు, పీల్చుకునే పేగు వేరు. అయితే పెద్దవాళ్ళకి ఏమీ లేకుండా పాపకి మాత్రమే ఉంటే కూర కాదు, పాప మాత్రమే నోట్లో పెట్టుకునేదేదో ఉందని అర్థం. ఈ తేడాతోనే సగం వెతుకులాట తప్పుతుంది. ఎడిసన్ అమ్మగారూ, మీరూ మీ అత్తగారూ కూడా రక్తం ఇవ్వండి.

అమలాపురం_అక్క
నేను లిస్టు చెప్తాను చూడు అమ్మాయ్, మా మేనకోడలు సియాటిల్‌లో ఈ బాధ పడింది. అక్కడ ఊరి హెల్త్ వాళ్ళు ఆఫ్ఘన్ పిల్లల రక్తంలో సీసం ఎందుకుందో వెతుక్కుంటూ పోతే చివరికి అల్యూమినియం గిన్నెలూ కుక్కర్లూ దగ్గర తేలింది. తుక్కు లోహాలు అవీ ఇవీ కరిగించి పోత పోస్తారు కదా, అందులో ఏం కలుస్తుందో ఎవరికి తెలుసు. 2025లో అమెరికా ఆహార, మందుల సంస్థ ఎఫ్‌డీఏ వాళ్ళు మన హిండాలియం గిన్నెల మీద కూడా హెచ్చరిక ఇచ్చారు, సీసం వంటలోకి దిగుతోందని. మనం ప్రాణం పెట్టి సూట్‌కేసులో మోసుకొచ్చే గిన్నెలు! చింతపండు పులుసు, చారు, టమాటా పప్పు, పులుపు తగిలితే ఇంకా ఎక్కువ దిగుతుంది. మా అమ్మ చారు కాచే సత్తు గిన్నె ఉండేది, రుచి అంటే రుచే, ఇప్పుడు దాన్ని అటక మీద పెట్టాను, పారేయబుద్ధి కాక. ఇత్తడి గిన్నెలకి కళాయి పూస్తారు కదా, తగరం ఖరీదని అందులో సీసం కలిపి పూసేవాళ్ళుంటారు. స్టీలు వాడు, గొడవ ఉండదు.

కాటుక సంగతి. ఆముదం దీపం మీద ప్రమిద బోర్లించి తీసిన మసి వేరు, అది బొగ్గు. కొట్లో రాయిలా మెరిసే సుర్మా వేరు, అది సీసపు రాయే. అయినా ఏదీ కంట్లో పెట్టొద్దంటారు డాక్టర్లు, మా కోడలు బుగ్గ మీద దిష్టిచుక్కతో సరిపెట్టింది. తాయెత్తు ఏమైనా కట్టారా? మొలతాడుకి బిళ్ళ ఉంటే అది ఏ లోహమో చూడు, పిల్లలు దాన్ని చప్పరిస్తూ కూర్చుంటారు.

ఎడిసన్_అమ్మ
అందరికీ పేరుపేరునా థాంక్స్. నిన్న వచ్చారు. ఒకావిడ డ్రిల్లింగ్ మిషనులా ఉండే ఎక్స్‌ఆర్‌ఎఫ్ పరికరం పట్టుకొచ్చింది, వస్తువుకి ఆనించి కాసేపు పట్టుకుంటే అందులో ఏ లోహం ఎంతుందో చూపిస్తుంది. పోపుల డబ్బా మొత్తం తీయించింది. జీలకర్ర, ధనియాలు, కారం, అన్నీ వరసగా. పసుపు దగ్గరికి రాగానే నా గుండె ఆగిపోయింది, ఏం లేదు, శుభ్రంగా ఉంది (మా నాన్న పంపిన కొమ్ములు పట్టించినదే). గిన్నెల్లో ఒక పాత కుక్కర్ కాస్త అనుమానం అంది. కాటుక బాగానే ఉంది.

తర్వాత దేవుడి గూడు దగ్గరికి వెళ్ళింది. కుంకుమ భరిణె, విభూతి, అక్షింతలు. ఆంజనేయస్వామి సింధూరం ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఉంది, అత్తగారు వస్తూ గుడి నుంచి తెచ్చింది. దానికి ఆనించింది, అంకె చూసింది, మాట్లాడకుండా ఇంకోసారి ఆనించింది. తర్వాత చేతికి ఇంకో జత గ్లవ్స్ వేసుకుంది. పసుపుకీ మసాలాలకీ పీపీఎం (పది లక్షల భాగాల్లో ఒకటి) లెక్కలో ఒకట్లు చూపించిన మిషను దీనికి ఏకంగా శాతాల్లో చూపించింది.

అత్తగారు రోజూ స్నానం అయ్యాక పాపకి నుదుటి మీద, గొంతు దగ్గర పెడతారు. పాప చేత్తో రుద్దుకుంటుంది, ఆ వేళ్ళే నోట్లో పెట్టుకుంటుంది. దుప్పటి మీద, నా చీర మీద కాషాయం మరకలు ఎప్పుడూ ఉంటూనే ఉంటాయి. అవన్నీ విడిగా ఉతకమంది, దేవుడి గూడు తడిగుడ్డతో తుడవమంది, చీపురు పట్టొద్దంది దుమ్ము లేస్తుందని. డాక్టరు గారు చెప్పినట్టు మేమూ రక్తం ఇచ్చాం, నాకు 2 లోపు, అత్తగారికి 6.

భక్త_వేణు
ఎంతోమంది తరతరాలుగా పెట్టుకుంటున్నది. గుడిలో ఇచ్చిన దానిలో విషం అంటే నాకు కష్టంగా ఉంది అండీ. స్వామి దగ్గరి నుంచి వచ్చింది ఎలా చెడు చేస్తుంది?

కెమిస్ట్రీ_మాస్టారు
వేణు గారూ, స్వామిని ఎవరూ ఏమీ అనలేదు. అది గుడి తయారుచేసింది కాదు, పూజా సామాన్ల కొట్టు నుంచి కిలోల లెక్కన వచ్చింది. ఆ కాషాయపు రంగు పొడి చాలా చోట్ల రెడ్ లెడ్, అంటే సీసం ఆక్సైడే, ఇనుప దూలాలకి తుప్పు పట్టకుండా పూసే ప్రైమర్‌లో వాడేవారు. నూనెలో కలిపి విగ్రహానికి పూస్తే ఏళ్ళ తరబడి అంటుకుని ఉండేది అందుకే. సంప్రదాయం అంటే గుర్తొచ్చింది, మన ఇళ్ళలో కుంకుమ ఎలా చేసేవారు? పసుపుకి సున్నం, నిమ్మరసం తగిలించి. ఎరుపు తేలేది, సీసం అక్కర్లేదు. న్యూజెర్సీలోనే రట్గర్స్ యూనివర్సిటీ వాళ్ళు 2017లో కొట్లలో కొన్న సింధూరాలు పరీక్షిస్తే అమెరికాలో కొన్నవాటిలో 83 శాతం, ఇండియాలో కొన్నవాటిలో 78 శాతం డబ్బాల్లో గ్రాముకి 1 మైక్రోగ్రాము అంతకుమించి సీసం ఉంది. కొన్నిటిలో కొంచెమే, కొన్నిటిలో విపరీతం. కంటికి అన్నీ ఒకేలా ఉంటాయి, అదే చిక్కు.

భక్త_వేణు
మరి గుడి వాళ్ళకి చెప్పాలి కదా ఎవరో ఒకరు. మా వీధి గుడి కమిటీలో మా బాబాయి ఉన్నారు, పసుపు సున్నంతో చేసింది తెప్పించమని అడుగుతాను. ఖర్చు ఎక్కువైతే నేనే ఇస్తాను.

అమలాపురం_అక్క
శభాష్ వేణు. ఎడిసన్ అమ్మాయ్, అత్తగారిని నొప్పించకు, ఆవిడకి 6 వచ్చింది పాపం. ఆవిడకీ తెలియకే కదా.

కాటేదాన్_తమ్ముడు
అన్నలూ అక్కలూ, మీరు సింధూరం గురించి మాట్లాడుతున్నరు, మాది హైదరాబాద్, కాటేదాన్ పక్కన బస్తీ. మా కజిన్ పాత బ్యాటరీలు విప్పే షెడ్డులో పనిచేస్తడు. ఇన్వర్టర్ బ్యాటరీలు, ఆటో బ్యాటరీలు గొడ్డలితో పగలగొట్టి ప్లేట్లు తీసి కరిగించి దిమ్మెలు చేస్తరు. రాత్రిపూట కాలుస్తరు, పొద్దున లేచేసరికి నోట్లో తియ్యగా ఒక రకం రుచి. యాసిడ్ కాలువలోకి పోతది. వాడికి నాలుగేళ్ళ కొడుకు, నాన్న ఇంటికి రాంగనే పోయి కాళ్ళకి చుట్టుకుంటడు, చొక్కా నిండా బూడిద రంగు దుమ్ము. పిల్లగానికి ఎప్పుడూ కడుపునొప్పి, పాలిపోయి ఉంటడు, మట్టి తింటడు. నులిపురుగుల మందు వేసిన్రు, తగ్గలే. ఎన్‌జీఆర్‌ఐ అని భూమి మీద పరిశోధన చేసే సంస్థ వాళ్ళు మా దిక్కు మట్టి పరీక్ష చేసి సీసం మస్తు ఉందని రాసిన్రని ఎన్నడో పేపర్ల చదివిన, తర్వాత ఏమైందో తెల్వదు. ఇక్కడ ఈ పరీక్ష ఎక్కడ చేస్తరు? ఎవరూ అడగంగనే రాసియ్యరు గదా.

పిల్లల_డాక్టర్_గుంటూరు
తమ్ముడూ, ఈ చర్చలో అన్నిటికన్నా అత్యవసరం నీ మెసేజే. ఆ బాబుని ఈ వారమే తీసుకెళ్ళండి, ఆగొద్దు. కడుపునొప్పి, పాలిపోవడం, మట్టి తినడం, తండ్రి బ్యాటరీ పని, ఈ నాలుగూ ఒక్కచోట ఉంటే నేనైతే ఇంకేం ఆలోచించను. పెద్ద ప్రైవేటు ల్యాబుల్లో "బ్లడ్ లెడ్ లెవెల్" అని అడిగితే చేస్తారు, నమూనా తీసుకుని బయటికి పంపుతారు, రిపోర్టు కొన్ని రోజులు పడుతుంది. డబ్బు ఇబ్బందైతే నిలోఫర్‌లో చూపించి, తండ్రి చేసే పని ఏంటో మొదటి వాక్యంలోనే చెప్పండి. డాక్టరుకి ఆ ఒక్క ముక్క తెలియకపోతే రక్తహీనత అని ఐరన్ సిరప్ రాసి పంపేస్తారు, మామూలుగా జరిగేది అదే. బాబు మగతగా ఉన్నా, వాంతులు అవుతున్నా, ఫిట్స్ వచ్చినా రిపోర్టు కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

ఈలోపు ఇంట్లో ఒక్క పని. మీ కజిన్ షెడ్డులోనే స్నానం చేసి, బట్టలు మార్చుకుని, చెప్పులు బయట వదిలి ఇంట్లోకి రావాలి. ఆ బట్టలు పిల్లాడి బట్టలతో కలిపి ఉతక్కూడదు. బాబు ఆడుకునే చోట ఊడ్చకుండా తడిగుడ్డ పెట్టాలి. తినేముందు చేతులు కడిగించాలి. ఆకలితో ఉంచొద్దు, ఖాళీ కడుపు ఎక్కువ పీల్చుకుంటుంది. రాగిజావ, పాలు, ఆకుకూర, గుడ్డు పెట్టండి, ఉసిరో నిమ్మో తోడుగా. ఇవి లోపలున్న సీసాన్ని తీసెయ్యవు, కొత్తది ఎక్కడం తగ్గిస్తాయి. కొత్తిమీర రసం తాగితే సీసం కడిగేసుకుపోతుందని వాట్సాప్‌లో తిరుగుతోంది, దాన్ని నమ్ముకుని రోజులు పోగొట్టుకోవద్దు.

నేను భయపెట్టడానికి కాదు చెప్తున్నది. సెనెగల్ రాజధాని పక్కన ఒక పేటలో 2007 చివర, 2008 మొదట్లో ఇదే బ్యాటరీ మట్టిని జల్లెడ పట్టి అమ్ముకున్నారు, 18 మంది పిల్లలు చనిపోయారు. నైజీరియాలో జంఫారాలో 2010లో బంగారం ఖనిజాన్ని ఇళ్ళలో రుబ్బారు, అందులో సీసం ఉంది, 400 మందికి పైగా చిన్నపిల్లలు పోయారు. రెండుచోట్లా మొదట ఎవరూ సీసం అనుకోలేదు.

పాతకాపు
తమ్ముడూ, ఆ పరీక్షకి ఎంతవుతుందో కనుక్కుని నాకు ప్రైవేటు మెసేజ్ పెట్టు. నేను కడతాను. వాదన తర్వాత చూసుకుందాం.

కాటేదాన్_తమ్ముడు
థాంక్స్ సార్. రేపే తీసుకపోతున్నం.

ఏలూరు_వాసి
ఒక సందేహం. 2020 డిసెంబరులో మా ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయారు, 600 మందికి పైగా. ఎయిమ్స్ వాళ్ళు రక్తంలో సీసం, నికెల్ అన్నారు. మా ఇంట్లోనే ఒకరు పడ్డారు, గంటలో లేచి మామూలుగా టీ తాగారు. అది సీసమేనా?

పిల్లల_డాక్టర్_గుంటూరు
మొదట రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనపడిన మాట నిజమే. తర్వాత జరిగిన పరీక్షల్లో పురుగుమందుల అవశేషాలు దొరికాయి, అనుమానం అటు మళ్ళింది. నా మటుకు నాకు సీసం అంటే నమ్మబుద్ధి కాలేదు. సీసంతో ఫిట్స్ వచ్చేంత పరిస్థితి ఉంటే గంటలో లేచి టీ తాగరు. అది మెల్లగా చేరి, మెల్లగా దెబ్బకొడుతుంది. అన్ని వయసులవాళ్ళూ ఒక్కసారిగా పడి, ఒక్కసారిగా తేరుకోవడం దాని తీరు కాదు. ఆ గొడవ వల్ల జనంలో ఒక తప్పు అభిప్రాయం మిగిలిపోయింది, సీసం అంటే రోడ్డు మీద పడిపోయే జబ్బు అని. యూనిసెఫ్ 2020 లెక్క ప్రకారం ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరికి 5 దాటి ఉంది, అంటే 80 కోట్ల మంది దాకా. వాళ్ళలో రోడ్డు మీద పడిపోయేవాళ్ళు ఎంతమంది? బడికి వెళ్తూనే ఉంటారు.

కొలువు_కమల
దసరా వస్తోంది, మా ఇంట్లో అమ్మమ్మ కాలం నాటి కొలువు బొమ్మలు ఉన్నాయి, రంగు పొలుసులుగా లేస్తోంది. మనవడు వాటి మీదే కన్నేశాడు. వీటిలో కూడా ఉంటుందా?

కెమిస్ట్రీ_మాస్టారు
పాత ఎనామిల్ రంగైతే ఉండొచ్చమ్మా. మన దగ్గర ఇళ్ళ పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదన్న రూలు 2016లో వచ్చి 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగులకి పగ్గమే లేదు. అందులోనూ పసుపు, ఎరుపు, నారింజ ఎక్కువ అనుమానం. కొలువులో పై మెట్ల మీద, చెయ్యి అందనంత ఎత్తులో పెట్టండి. గీకి మళ్ళీ రంగు వేయాలని మాత్రం అనుకోకండి, గీకిన పొడే అసలు ప్రమాదం. కింది మెట్టు మీద మనవడికోసం ఏటికొప్పాక లక్కబొమ్మలు పెట్టండి, చెట్ల రంగులతో చేసినవని అడిగి మరీ కొనండి.

రెండోనెల_రాణి
నాకు రెండో నెల. బలపాలు తినే అలవాటు చిన్నప్పటి నుంచి, ఇప్పుడు మరీ ఎక్కువైంది, మట్టివాసన వస్తే నోరూరుతోంది. ఒకరు నాటుమందు భస్మం కూడా ఇచ్చారు బలానికని. ఇది చదివాక భయమేస్తోంది.

పిల్లల_డాక్టర్_గుంటూరు
భస్మం ఇవాళే ఆపేయండి, ప్యాకెట్ మాత్రం పారేయకుండా మీ గైనకాలజిస్టుకి చూపించండి. నాగభస్మం అంటే సీసమే, కొన్ని మందుల్లో పేరు రాయకుండా కూడా ఉంటుంది. న్యూయార్క్‌లో మన దేశం నుంచి తెప్పించుకున్న మాత్రలు వాడిన గర్భిణులకి సీసం ఎక్కిన కేసుల్ని 2012లో అక్కడి ఆరోగ్యశాఖ రాసింది. గర్భంలో తల్లి ఎముకల నుంచి కాల్షియంతో పాటు పాత సీసం కూడా బయటికొచ్చి బిడ్డకి చేరుతుంది, అందుకే కాల్షియం మాత్రలు మానొద్దు. బలపాల మీద కోరిక చాలాసార్లు రక్తం తక్కువై వస్తుంది, ఐరన్ సరిచేస్తే కోరికే తగ్గిపోతుంది. హీమోగ్లోబిన్‌తో పాటు సీసం పరీక్ష కూడా రాయించుకోండి.

కాటేదాన్_తమ్ముడు
రిపోర్టు వచ్చింది డాక్టరు గారూ. 52. హీమోగ్లోబిన్ 7.9. అడ్మిట్ చేసిన్రు, మందు మొదలుపెడుతున్నరు. వాళ్ళ చెల్లెకి ఏడాదిన్నర, ఆ పిల్లకి కూడా తీసిన్రు, రేపు తెలుస్తది. మా కజిన్ పని మానేస్తనంటుండు, కానీ షెడ్డు ఓనరు అడ్వాన్స్ కింద ఇచ్చిన పైసలు కట్టమంటుండు.

పాతకాపు
ఎంత అడ్వాన్సు? ఫోన్ నంబరు ప్రైవేటుగా పంపించు, మాట్లాడతాను.

పిల్లల_డాక్టర్_గుంటూరు
తమ్ముడూ, మంచి పని చేశారు. 45 దాటింది కాబట్టి మందు అవసరమే. ఒక్క సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి, మందు అయ్యాక బాబుని అదే ఇంటికి అదే దుమ్ములోకి తీసుకెళ్తే మళ్ళీ ఎక్కుతుంది. డిశ్చార్జ్ రోజుకి ముందే ఇల్లు తడిగుడ్డతో తుడిపించండి, పరుపులు, పనిబట్టలు తీసేయండి, కుదిరితే కొన్నాళ్ళు అమ్మమ్మగారి ఊరు పంపండి. ఎముకల్లో ఉన్నది మళ్ళీ రక్తంలోకి వస్తుంది, రెండు మూడు వారాలకి అంకె పెరిగితే కంగారుపడకండి, మళ్ళీ చూపించండి. అదే షెడ్డులో పనిచేసే మిగతావాళ్ళకి పిల్లలున్నారా?

కాటేదాన్_తమ్ముడు
ఉన్నరు సార్. ఐదారు ఇండ్లు. ఇయ్యాల సాయంత్రం పోయి అందరికీ చెప్తున్న.